గాలి లేని పూట కదిలిన రెల్లు

మా అన్న చెవులు బొమ్మసంద్ర ఫ్యాక్టరీలో పోయాయి. ఇరవయ్యారేళ్ళు రేకులు వంచే ప్రెస్సు మిషన్ల మధ్య పనిచేశాడు. మొదట్లో దూది పెట్టుకునేవాడు. తర్వాత ప్లగ్గులు వచ్చాయి గానీ, అవి పెట్టుకుంటే పక్కవాడు అరిచినా వినపడదని, ఎప్పుడో చెయ్యి మిషన్లో పడుతుందని భయపడి తీసి జేబులో వేసుకునేవాడు. చేతులు రెండూ దక్కాయి. చెవులు పోయాయి. యాభై నాలుగో ఏట ముందుగానే రిటైరై ఇంటికి వచ్చేసరికి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి ముప్పాతిక వంతు వినిపించడం మానేశాయి. చెవి మిషను కొన్నాం. "చెవిలో చీమలు పారాడినట్ల ఉండాది" అని వారం తిరక్కుండానే దాన్ని తీసి బీరువాలో పెట్టేశాడు.

ఇంట్లో మేం ముగ్గురమే. అన్న, వదిన, నేను. వాళ్ళకు పిల్లలు లేరు, నేను పెళ్ళి చేసుకోలేదు. మా తాత నాటి నుంచి మాది బెంగళూరే. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. అన్న రిటైరైన ఏడాదే పేటలోని ఇరుకు ఇల్లు వదిలేసి, దేవనహళ్ళి దారిలో అంతకుముందే కట్టుకున్న ఇంటికి మారాం. కింద వాళ్ళిద్దరూ, పైన నేను. నా ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో. వారానికి ఒకరోజు పోతే చాలు, మిగతా రోజులు పై గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని పని చేసుకునేవాణ్ణి. కిటికీలోంచి చూస్తే పెరడంతా కనిపించేది.

ఆ పెరట్లో అన్న మొదట గులాబీలు పెట్టాడు. చచ్చిపోయాయి. తర్వాత దానిమ్మ పెట్టాడు, అదీ దక్కలేదు. ఇక వదిన కరివేపాకు, కనకాంబరాలతోనే సరిపెట్టుకుందామని అనుకుంటుండగా ఒక ఆశ్వయుజ మాసంలో నేనూ అన్నా స్కూటర్ మీద దేవనహళ్ళి నుంచి వస్తున్నాం. వెనక కూర్చున్న అన్న నా భుజం గట్టిగా తట్టాడు. ఆపాను. రోడ్డు వెడల్పు చేయడానికి మట్టి తవ్విన చోట, గుంట గట్టు పొడుగునా రెల్లు పూసి ఉంది. ఎండలో తెల్లగా, వెండి పూత పూసినట్టు మెరుస్తూ గాలికి ఒకే వైపుకు ఒరిగి లేస్తోంది. అన్న దిగి దాని ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత, వినపడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో అడిగాడు.

"దీనికి సద్దు ఉండాదా?"

ఉందని తల ఊపాను.

"ఎట్ల ఉండాది?"

అతని చెయ్యి పట్టుకుని, మణికట్టు మీద నా వేళ్ళతో మెల్లగా పైకీ కిందికీ రాశాను. కళ్ళు మూసుకుని కాసేపు ఉన్నాడు. "ఓ" అన్నాడు. మర్నాడు పొద్దున్నే గునపం, గోనెసంచి తీసుకుని ఒక్కడే వెళ్ళి, వేరుతో సహా ఒక పొద తవ్వుకొచ్చాడు.

రెల్లు ఊరుకునే గడ్డి కాదు, నేల కిందినుంచి పాకి పెరడంతా ఆక్రమిస్తుందని ఎవరో చెప్పారు. అన్న ఒక జింకు రేకు తెచ్చి, గుండ్రంగా వంచి, రెండడుగుల లోతున భూమిలో దించి, దాని మధ్య రెల్లు నాటాడు. రేకులు వంచిన చెయ్యి కదా, ఆ చుట్టు అచ్చు తీసినట్టు వచ్చింది. ఆ తర్వాత మిగతావి వచ్చాయి. రాళ్ళ దిబ్బల మీద పెరిగే బోద గడ్డి. నర్సరీలో దొరికే ముదురు ఊదారంగు గడ్డి, ఉడుత తోకల్లాంటి కంకులు వేసేది. గులాబీ రంగు పొగలా పూస్తుందని చెప్పి అమ్మిన మరో గడ్డి రెండేళ్ళు పూయనే లేదు. నీళ్ళు ఎక్కువవుతున్నాయని మూడో ఏడు తెలిసింది. ఈ గడ్డికి ప్రేమ ఎక్కువైతే పడిపోతుందని అన్న అనేవాడు. ఎరువు వేస్తే మెత్తగా పెరిగి వాలిపోతుంది. ఎండలో, చెడ్డ నేలలో, నీళ్ళు తక్కువగా పోస్తే నిటారుగా నిలబడి మంచి రంగు తేలుతుంది.

బెంగళూరులో శరత్కాలం ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు పోయిందో తెలియదు. వాన తగ్గుతుంది, బీరువాలోంచి దుప్పటి తీస్తాం, అంతే. మా పెరట్లో మాత్రం ఆ కాలం కనిపించేది. దసరా దాటేసరికి బోద గడ్డి మొదళ్ళ నుంచి రంగు తిరిగేది. ముందు ఆకు కొసలు రాగి రంగుకు వచ్చేవి, తర్వాత మొత్తం పొద కాల్చిన ఇటుకలా అయ్యేది. దాని వెనక ఊదా, ఆ వెనక తెల్లటి రెల్లు. విమానాలు మా ఇంటి మీదుగానే దిగుతాయి. వాటి నీడ ఆ రంగుల మీదుగా జారిపోతుంటే అన్న తల ఎత్తి ఆకాశం చూసేవాడు. విమానం వచ్చిందని అతనికి గడ్డి చెప్పాలి.

రోజూ పొద్దున పది, పదకొండు మధ్య గడ్డిని దువ్వేవాడు. పొదలోకి వేళ్ళు పోనిచ్చి ఎండిన పోచలు దూసి పారేయడం. పొద అటూ ఇటూ ఊగేది. వంటింటి కిటికీలోంచి వదిన అది చూసి ఉడుక్కునేది.

"ఆ గడ్డికి దువ్వినట్ల నాకు ఒక్క దినమన్నా తల దువ్వితివా?"

అన్న ఆమె పెదాలు చూసి అర్థం చేసుకుని నవ్వేవాడు. "నీ తలకు అంత ఒత్తు లేదు కదే" అనేవాడు, వీధి చివరి దాకా వినపడేలా.

ఇలా అయిదేళ్ళు గడిచాయి.

ఆ రోజు గురువారం. దసరా అయి పది రోజులైంది. నేను పైన ఆఫీసు మీటింగులో ఉన్నాను. నేను చెప్పాల్సిన భాగం రావడానికి ఇంకా కొంచెం సమయం ఉంది. కిటికీలోంచి చూశాను. పెరట్లో గాలి లేదు. తీగ మీద వదిన ఆరేసిన చీర కదలడం లేదు. బోద కదలడం లేదు. వెనకనున్న రెల్లు పొద ఒక్కటే ఊగుతోంది. అన్న కనిపించలేదు, పొద వెనకాల ఉన్నాడనుకున్నాను. పొద బాగా ఊగింది. ఆగింది. మళ్ళీ ఊగింది. తెల్లటి కంకుల మీద ఎండ పడి నూగు రాలుతోంది. చాలా బాగుందనుకున్నాను. ఈ మాట రాయకుండా ఉండాలనిపిస్తుంది, కానీ నిజం అదే. చాలా బాగుందనుకుని స్క్రీను వైపు తిరిగాను. నా పేరు పిలిచారు. మైకు ఆన్ చేసుకుని నేను చెప్పాల్సింది చెప్పాను.

నలభై నిమిషాల తర్వాత వదిన కేక వినిపించింది.

అన్న రెల్లు వెనకాల కుడివైపు ఒరిగి పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఒక పక్కకు పోయింది. మాట లేదు. ఎడమ చేతి పిడికిట్లో గుప్పెడు రెల్లు ఉంది. ఆ పిడికిలి విప్పబోతే వదలడానికి ఒప్పుకోలేదు. విప్పాక చూస్తే అరచెయ్యంతా సన్నటి కోతలు. రెల్లు ఆకు అంచు బ్లేడులా కోస్తుంది. ఒకసారి లాగితే అన్ని కోతలు పడవు.

ఆస్పత్రిలో డాక్టరు ఎన్ని గంటలకు పడిపోయాడని కన్నడంలో అడిగాడు. మందు ఇవ్వడానికి ఆ లెక్క కావాలన్నాడు. నేనూ వదినా ఒకేసారి, ఒకే మాట అన్నాం. "గొత్తిల్ల." తెలియదు. డాక్టరు మళ్ళీ అడిగాడు, చివరిసారి బాగా ఉండగా చూసిందెప్పుడని. తొమ్మిదిన్నరకు కాఫీ తాగినప్పుడని వదిన చెప్పింది. నేను తల ఊపాను.

తొమ్మిది రోజులు బతికాడు. మాట రాలేదు. కుడి పక్క కదల్లేదు. ఎడమ చెయ్యి మాత్రం దుప్పటి అంచు పట్టుకుని ఊపేది. పట్టుకునేది, ఊపేది, అలసిపోయి ఆగేది, మళ్ళీ ఊపేది. నర్సు అది ఊరికే వచ్చే కదలిక అంది. మంచం పక్కన నిలబడి నేను ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. అది ఎక్కడ చూశానో నాకు తెలుసు. నోట మాట పోయినవాడు, ఎవరి మాటా వినపడనివాడు, తనకు మిగిలిన ఒక్క చేత్తో గడ్డిని ఊపి పిలిచాడు. నేను చూశాను. బాగుందనుకున్నాను. మంచానికి అవతలి పక్కన వదిన కూడా ఆ చేతినే చూస్తోంది. ఆమె మొహం నాకిప్పటికీ గుర్తుంది. భర్త కోసం ఏడుస్తోందని అనుకున్నాను.

కర్మలు అయ్యాయి. చలి వచ్చింది. శివరాత్రికి ముందు గడ్డినంతా జానెడు ఎత్తుకు కోసేయాలి, అప్పుడే కొత్త చిగుళ్ళు వస్తాయి. ఆ పని వదినే చేసింది. పొదకు తాడు కట్టి, కొడవలితో మొదట్లో కోసి, కట్టలు గోడకు ఆనించింది. నేను పైనే ఉన్నాను. మొండి మోళ్ళు చూసి, ఇక పోయిందనుకున్నాను. వానలకు మళ్ళీ పెరిగింది. దసరాకు మళ్ళీ పూసింది.

అప్పుడు మొదలైంది. కిటికీ పక్కన కూర్చుంటే, చీర కదలని పూట, బోద కదలని పూట, రెల్లు ఊగేది. మొదటిసారి మెట్లన్నీ ఒక్క దూకుడులో దిగి పరిగెత్తాను. వెనకాల ఎవరూ లేరు. చిన్న పిట్టలు కంకి గింజల కోసం వాలి లేచిపోయాయి. పిట్టలే కదా అనుకున్నాను. రెండోసారి పిట్టలు లేవు. ముంగిస కావచ్చు. మూడోసారి ఫలానాది కావచ్చని చెప్పుకోవడానికి ఏదీ దొరకలేదు. మీటింగుల్లో మాట మధ్యలో ఆగిపోయేవాణ్ణి. నెట్ పోయిందా అని అవతలివాళ్ళు అడిగేవాళ్ళు. పోయిందనే చెప్పేవాణ్ణి. బల్లను వీధి వైపు గదిలోకి మార్చాను. అక్కడికి సద్దు వచ్చేది. ఎండిన పోచలు ఒకదానికొకటి రాసుకునే సద్దు. అన్నకు నేను మణికట్టు మీద రాసి చూపించిన సద్దు. ఫ్యాను ఆపి వినేవాణ్ణి. ఫ్యాను వేసి వినేవాణ్ణి.

వదిన రెండు రోజులకని కోలారులో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నమే కొడవలి తీసుకుని, నిండుగా పూసి ఉన్న రెల్లును మొదలంటా కోసేశాను. తాడు కట్టలేదు, ఏమీ లేదు. చేతులు కోసుకుపోయాయి. కంకుల నూగు ఒళ్ళంతా అంటుకుని గొంతులోకి పోయి దగ్గాను. వదిన తిరిగి వచ్చి పెరట్లోకి చూసింది. నా చేతులు చూసింది. ఒక్క మాట అడగలేదు. పసుపు, నూనె తెచ్చి ముందు పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మూడు వారాల్లో ఆ రేకు చుట్టులో పచ్చటి పోచలు మోకాలెత్తు లేచాయి.

రెండో ఏడు నేను దాన్ని ముట్టుకోలేదు. కార్తీకం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఇద్దరం వంటింట్లో అన్నం తింటున్నాం. వెనక తలుపు తీసి ఉంది. గాలి లేదు. రెల్లు ఊగింది.

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. వదిన వైపు చూశాను. ఆమె చేతిలో ముద్ద కూడా అలాగే ఉంది. ఆమె చూపు రెల్లు మీదే ఉంది.

"వదినా, నీకో మాట చెప్పల్ల" అన్నాను. "ఆ పొద్దు నేను చూస్తిని. అన్న పడినప్పుడు. పైనుంచి చూస్తిని. రెల్లు ఊగుతాండె. గాలి లేదు. దువ్వుతాండాడు అనుకొంటి."

వదిన ముద్దను తిరిగి కంచంలో పెట్టింది. "నేనూ చూస్తినప్పా" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఈ కిటికీలోంచే చూస్తి. మొదట బాగా ఊగినాది. తర్వాత మెల్లగా ఊగినాది. ఉప్మా చల్లారిపోతాండాదని నాకు కోపం. సుమ్మనె, ఊరికే ఉండు, ఆకలైతే ఆయనే వస్తాడు అనుకొంటి. చెట్నీకి మిక్సీ వేసుకొంటి. మిక్సీ ఆపి చూస్తే నిలిచిపోయిండె."

అంతవరకు నేను ఒక నమ్మకాన్ని పట్టుకుని బతికాను. వదిన చూసి ఉంటే లేచి వెళ్ళేది, చూసింది నేనొక్కణ్ణే అన్నది. అది శిక్షలా ఉండేది గానీ, అందులో ఒక ఆసరా కూడా ఉండేదని ఆ క్షణంలో తెలిసింది. ఇద్దరం చూశాం. ఇద్దరిలో ఏ ఒక్కరం లేచినా సరిపోయేది. ఆమె మీద నాకు కోపం ముంచుకొచ్చింది. రెండేళ్ళుగా నా మీద నాకున్నంత కోపం. ఉప్మా కోసమా అని అరవబోయాను. నా మీటింగు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

"పోయినేడు దాన్ని కోసేస్తివే, అప్పుడే తెలిసె నాకు, నువ్వూ చూసినావని" అంది వదిన.

"మరి ఏల అడగలేదు?"

"అడిగితే నువ్వు నన్ను అడుగుతావని."

ఏడవలేదు ఆమె. నేనూ ఏడవలేదు. చెయ్యి ఎండిపోయేదాకా కంచాల ముందు కూర్చున్నాం. డాక్టరు అడిగినప్పుడు ఇద్దరం ఒకే మాట అనడం గురించి ఆమే మాట్లాడింది. అప్పుడు చెప్పి ఉంటే మందు పనిచేసేదా అని అడిగింది. తెలియదన్నాను. ఆ మందు నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలని తర్వాత చదివాను. ఎన్నిసార్లు లెక్క వేసినా ఎటూ తేలలేదు. తేలలేదన్నది ఆమెకు చెప్పాను. "తేలకపోయేదే బాగుండాది" అంది. కాసేపటికి, "బాగ లేదు" అని తనే అంది.

చెయ్యి కడుక్కుని పెరట్లోకి వెళ్ళాం. పొద వెనక్కి ఇద్దరం కలిసి వెళ్ళడం అదే మొదటిసారి. ఏమీ లేదు. పిట్టలు లేవు. నేల మీద రాలిన నూగు, చీమల బారు. వదిన వంగి, అన్న పడి ఉన్న చోట అరచెయ్యి ఆనించి కొంతసేపు ఉంది. వేడిగా ఉందంది. మధ్యాహ్నపు నేల, వేడిగానే ఉంటుంది. నేను ఆ మాట అనలేదు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. ఎవరూ పెట్టింది కాదు. గాలి లేని పూట రెల్లు ఊగితే, చూసినవాళ్ళు రెండోవాళ్ళకు చెబుతారు. నేనైతే మెట్ల దగ్గరికి వచ్చి కిందికి అరుస్తాను. ఆమె అయితే గరిటెతో వంటింటి కిటికీ ఊచ మీద కొడుతుంది. ఎవరో ఒకరం వెళ్ళి చూసి వస్తాం. మీటింగులో ఉంటే ఒక్క నిమిషం అని చెప్పి లేస్తాను. కారణం చెప్పను. బల్లను మళ్ళీ పెరటి కిటికీ పక్కకు మార్చుకున్నాను. వెళ్ళి చూసినప్పుడు అక్కడ ఎప్పుడూ ఎవరూ ఉండరు. అయినా వెళ్ళకుండా ఒక్కసారి కూడా ఉండలేదు. ఒకసారి జ్వరంతో పడుకుని ఉంటే ఊచ మోగింది. తర్వాత వదిన అడుగుల చప్పుడు వినిపించింది, పోవడం, రావడం. "ఏం లేదప్పా, పడుకో" అని కిందినుంచి అరిచింది. నిద్ర పట్టింది.

పక్క ఇంట్లోకి ఈ ఏడు కొత్తవాళ్ళు వచ్చారు. గుంటూరు వైపువాళ్ళు, భార్యాభర్తలు, ఇద్దరూ వైట్‌ఫీల్డ్‌లోనే పని. దసరా సెలవుల్లో ఆ అమ్మాయి గోడ మీదుగా మా పెరడు చూసి ఆగిపోయింది.

"ఆంటీ, ఇవన్నీ మీరే పెంచారా? భలే ఉన్నాయండీ కలర్స్. ఆ వైట్‌ది సూపర్‌గా ఉంది. మాకూ ఒక పిలక ఇస్తారా?"

వదిన నా వైపు చూసింది. బోద ఇస్తాను, ఊదాది ఇస్తాను అంది. ఆ అమ్మాయి తెల్లదే కావాలంది. ఇవ్వదనుకున్నాను. వదిన రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పొద్దున పార తెచ్చి, రేకు చుట్టు లోపల ఒక పక్కగా పొడిచి, పిడికెడు మొదలు వేరుతో సహా విడదీసింది. ఇది నాటే కాలం కాదు, బతకకపోవచ్చని నేనన్నాను. వదిన తడి గోనె చుట్టి గోడ మీదుగా ఆ అమ్మాయికి అందించింది.

"చుట్టూ రేకు పెట్టల్ల, లేకుంటే పాకుతాది. నీళ్ళు ఎక్కువ పోయొద్దు. ఆకు కోస్తాది, చెయ్యి జాగ్రత్త."

"సరే ఆంటీ."

"ఇంకోటి. గాలి లేనప్పుడు అది ఊగితే, ఏం పనిలో ఉన్నా లేచి పోయి చూడల్ల."

"పాములొస్తాయా ఆంటీ?"

"లేదమ్మా. పోయి చూడల్ల, అంతే."

ఆ అమ్మాయి నవ్వింది, పెద్దవాళ్ళ చాదస్తం అనుకుని ఉంటుంది. వదిన నవ్వలేదు. సరేనని ఆ పిల్ల నోటితో అనేదాకా గోడ దగ్గరే నిలబడింది.

బతకదనుకున్న పిలక బతికింది. వాళ్ళు దాన్ని నీళ్ళ సంపు పక్కన నాటారు. ఇంకా పూయలేదు, నడుమెత్తు పెరిగింది. ఇప్పుడు నా కిటికీలోంచి చూస్తే రెండు కనిపిస్తాయి.